ఉభయచరాలలో రూపవిక్రియ – హార్మోన్ల నియంత్రణ

తొలకరి వానలకు నిండిన నీటిగుంటల్లో తోకకప్పలను మీరు చూసే ఉంటారు. మొప్పలతో శ్వాసిస్తూ, తోకతో ఈదుతూ, నాచు తిని బతికే ఈ డింభకం కొన్ని వారాలలోనే ఊపిరితిత్తులతో శ్వాసించే, కాళ్లతో గెంతే, కీటకాలను తినే కప్పగా మారుతుంది. ఈ మార్పునే రూపవిక్రియ అంటారు. దీనిని నడిపించేవి అవటు గ్రంథి హార్మోన్లు. అయితే ఒకే హార్మోన్ కాళ్లను పెంచుతూ తోకను ఎలా నశింపజేస్తుంది? ఈ పాఠంలో మీరు గ్రహించవలసిన ముఖ్యాంశం ఇదే.

ప్రయోగ నిదర్శనాలు

1912లో గుడెర్నాట్ష్ తోకకప్పలకు గుర్రపు అవటు గ్రంథి కణజాలాన్ని ఆహారంగా ఇచ్చాడు. అవి సరిగా పెరగకముందే, అతి చిన్న కప్పలుగా మారాయి. ఆ తరువాత అల్లెన్ తోకకప్పల నుంచి అవటు గ్రంథిని తొలగించాడు. అవి కప్పలుగా మారలేదు. డింభకాలుగానే ఉండి పరిమాణంలో మాత్రం పెరిగాయి. ఈ రెండు ప్రయోగాలను కలిపి చూస్తే అవటు గ్రంథి పాత్ర స్పష్టమవుతుంది.

హార్మోన్ల వరుస

డింభకం తగినంత పెరిగాక హైపోథలమస్ నుంచి కార్టికోట్రోపిన్ విడుదల హార్మోన్ వెలువడుతుంది. దీని ప్రభావంతో పీయూష గ్రంథి థైరోట్రోపిన్‌ను స్రవిస్తుంది. థైరోట్రోపిన్ అవటు గ్రంథిని ప్రేరేపించగా, అది ముఖ్యంగా థైరాక్సిన్‌ను విడుదల చేస్తుంది. కణజాలాలలోని డీఅయోడినేజ్ ఎంజైమ్ థైరాక్సిన్‌లోని నాలుగు అయోడిన్ పరమాణువులలో ఒకదానిని తొలగిస్తుంది. అప్పుడు ఏర్పడే ట్రైఅయడోథైరోనిన్ మరింత శక్తిమంతమైనది. ఇది కేంద్రకంలోని గ్రాహకాలతో బంధించుకొని జన్యువుల పనితీరును మారుస్తుంది.

నీటిగుంట ఎండిపోతున్నప్పుడు కలిగే ఒత్తిడి కూడా ఈ వరుసలోని మొదటి హార్మోన్‌ను పెంచుతుంది. అందువల్ల కొన్ని జాతుల తోకకప్పలు చిన్నవిగా ఉన్నప్పుడే కప్పలై బయటపడతాయి.

కణజాలాల ప్రతిస్పందన

“థైరాక్సిన్ తోకను కరిగిస్తుంది” అని చాలామంది విద్యార్థులు రాస్తారు. ఇది సగం సమాధానమే. తోక ముక్కను తోకకప్ప మొండెంపై అతికించినా, రూపవిక్రియ సమయంలో అది క్షీణిస్తుంది. కంటిని తోకపై అతికిస్తే, తోక క్షీణించినా కన్ను చెక్కుచెదరదు. అంటే హార్మోన్ సమయాన్ని సూచిస్తుంది. చేయవలసిన పని కణజాలంలో ముందే నిర్ణయమై ఉంటుంది.

మార్పుల క్రమం కూడా ముఖ్యమే. హార్మోన్ తక్కువ స్థాయిలో ఉన్నప్పుడే వెనుక కాళ్లు పెరుగుతాయి. స్థాయి గరిష్ఠానికి చేరినప్పుడు మాత్రమే తోక క్షీణిస్తుంది. ఈ క్రమం తారుమారైతే ఈదడానికి తోక ఉండదు, గెంతడానికి కాళ్లు ఉండవు.

ఆక్సోలాటిల్

మెక్సికోలోని షోచిమిల్కో సరస్సుకు చెందిన ఆక్సోలాటిల్ మొప్పలతోనే ప్రౌఢదశకు చేరి ప్రత్యుత్పత్తి జరుపుతుంది. దానికి థైరాక్సిన్ ఇస్తే మొప్పలు కోల్పోయి నేలపై తిరిగే సాలమాండర్‌గా మారుతుంది. దాని కణజాలాలు స్పందించే శక్తిని కోల్పోలేదు. వాటికి తగినంత హార్మోన్ అందడం లేదు, అంతే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. అవటు గ్రంథిని తొలగించిన తోకకప్పకు థైరోట్రోపిన్ ఇస్తే రూపవిక్రియ జరుగుతుందా? థైరాక్సిన్ ఇస్తే? కారణాలు రాయండి.
2. తోకపై అతికించిన కన్ను ఎందుకు క్షీణించదు?