కాలికి వైద్యం, పక్కనే బడి

నా చిన్నతనంలో మా గోదావరిఖని క్వార్టర్లలో ఒక పిల్ల జ్వరం తగ్గాక కాలు ఈడ్చేది. దిష్టి అని తాయెత్తు కట్టారు. అది పోలియో! చచ్చుబడ్డ కాలును మునుపటిలా చేసే మందు లేదు. నెలల తరబడి వ్యాయామం చేయించాలి, కాలిపర్లు తొడగాలి. ఇంటిపని మధ్య తల్లి ఒక్కతీ ఎంతని చేస్తుంది చెప్పండి?

మద్రాసులో ఆంధ్ర మహిళా సభవారు ఈ భారం పంచుకున్నారు. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో స్థాపించిన స్వచ్ఛంద సంస్థ అది. మొదట ఆడవాళ్ల చదువు కోసం. తరువాత వైద్యమూ చేపట్టి, అడయారులో పోలియో పిల్లల కోసం ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ సెంటర్ పెట్టారు. అక్కడ వైద్యంతోపాటు బడి కూడా ఉండటం నాకెంతో నచ్చింది. మా క్వార్టర్ల పిల్ల మాత్రం గడపలో కూర్చుని మేం బడికి పోతుంటే చూసేది.

మన దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో, హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చింది. అంతకు ముందు కాలు పోగొట్టుకున్న పిల్లలు ఇప్పుడు మన ఈడువాళ్లే.