కొరియా దేశపు కరకర పంది వేపుడు

వేపుడన్నంతనే మంట పెద్దది చేసి త్వరగా దింపవలెననెడి తలంపు మనకు సహజముగా కలుగును. కూరగాయల విషయమున ఈ త్వర కొంత చెల్లవచ్చును గాని, పంది మాంసము విషయమున ఎంతమాత్రమును చెల్లదు. పైపొర యెఱ్ఱబడి లోపల పచ్చిగా నిలిచినచో రుచి చెడుటయే గాక రోగమునకును దారి యేర్పడును. కొరియా వంటశాలలలో ఈ చిక్కును రెండు మాఱులు వేయించుటచే తీర్చుకొందురు. మొదటి వేపు మాంసమును ఉడికించును. రెండవది పైపొరను కరకరలాడించును. ఈ విధానమును మన పాఠకురాండ్రకు వివరించుటయే మా యుద్దేశము. పంది మాంసము భుజింపని గృహములవారు కోడి మాంసముతోగాని, కాలీఫ్లవరుతోగాని ఈ పద్ధతినే అనుసరింపవచ్చును.

కొరియాలో గంజిపిండి పట్టించి వేయించిన పంది మాంసమునకు తాంగ్‌సుయుక్ అని పేరు. 1883 లో ఇంచన్ రేవు విదేశ వర్తకమునకు తెఱవబడిన పిమ్మట, చీనా దేశపు షాన్‌డాంగ్ రాష్ట్రమునుండి వచ్చి స్థిరపడినవారి వంటలనుండి ఇది వచ్చినది. దీనిని తీపి పులుపులు గల రసముతో వడ్డింతురు. 20 వ శతాబ్ది కడపటి భాగమున గోచుజాంగ్ అను మిరప ముద్దతో కారపు పాకము కాచి, కోడి వేపుడునకు పట్టించుట ఆ దేశమున ప్రబలమయ్యెను. ఆ పాకమును పంది వేపుడునకు పట్టించినదే మనమిప్పుడు చెప్పుకొను వంటకము.

గోచుజాంగ్ అనగా మిరపపొడి, జిగురు బియ్యపు పిండి, పులియబెట్టిన సోయా చిక్కుళ్ల పొడి, మొలకెత్తించిన యవలు, ఉప్పు చేర్చి నెలల తరబడి మాగబెట్టిన యెఱ్ఱని ముద్ద. మన యిండ్లలో ఆవకాయ జాడీల కెట్టి గౌరవము గలదో, కొరియా పెరళ్లలో తిన్నెలపై ఎండకుంచు మట్టి జాడీలకును అట్టి గౌరవమే కలదు. ఇట్టి ముద్దలను చేయు విద్యను 2024 లో యునెస్కోవారు మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చిరి. 2019 లో పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించినది మొదలు కొరియావారు మన సీమకును వచ్చి నివసించుచున్నారు. గోచుజాంగ్ డబ్బాలు ఇప్పుడు మన పెద్ద పట్టణములలోని అంగళ్లయందు దొరకుచున్నవి.

ఇక మాంసమును గూర్చి ముఖ్యమైన మాట. శుభ్రత లేని చోట్ల పెరిగిన పందుల మాంసమునందు బద్దెపురుగు కోశములు ఉండవచ్చును. అవి సగ్గుబియ్యపు గింజలవలె తెల్లగా, గుండ్రముగా కనబడును. ఆ మాంసమును సరిగా ఉడకకుండ తిన్నవారి ప్రేగులలో పురుగు పెరుగును. అంతటితో ముగియదు. ఆ పురుగు గ్రుడ్లు మలముతో వెలువడి, కడుగని చేతుల ద్వారమునను, నీటి ద్వారమునను, పచ్చి కూరల ద్వారమునను ఇతరుల కడుపున చేరును. మెదడున కోశములు కట్టి మూర్ఛరోగమును తెచ్చును. కావున పంది మాంసము నెన్నడును ముట్టనివారికిని, పసిబిడ్డలకును ఈ యాపద తగులవచ్చును. పశువైద్యులు పరీక్షించిన మాంసమునే కొనవలెను; గింజలవంటివి కనబడినచో తిరస్కరింపవలెను. మాంసము కోసిన పీటను, కత్తిని, చేతులను సబ్బుతో కడుగక పచ్చి కూరలను తాకరాదు. మాంసము నడిభాగమున 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేరునట్లు ఉడికినచో భయము లేదు.

కావలసిన వస్తువులు:— ఎముకలేని పంది మాంసము 500 గ్రాములు, బంగాళాదుంప గంజిపిండి 200 గ్రాములు, ఒక గ్రుడ్డులోని తెల్లసొన, అల్లపు ముద్ద ఒక చిన్న చెంచా, ఉప్పు అర చిన్న చెంచా, కొంచెము మిరియపు పొడి, వేయించుటకు నూనె. పాకమునకు గోచుజాంగ్ రెండు పెద్ద చెంచాలు, సోయా రసము ఒకటి, టమాటో సాసు రెండు, పంచదార రెండు, వెనిగరు ఒకటి, సన్నగా తఱిగిన వెల్లుల్లి ఒకటి, నీరు మూడు. పైన చల్లుటకు వేయించిన నువ్వులు.

చేయు విధము:— గంజిపిండిని నీట నిండ మునుగునట్లు కలిపి గంటసేపు కదల్పక యుంచవలెను. పిండి అడుగున పేరుకొనును. పైతేటను పూర్తిగా వంచివేసి, మిగిలిన ముద్దలో తెల్లసొనను, ఒక పెద్ద చెంచా నూనెను కలుపవలెను. ఈ ముద్దను పిడికిట బిగించినచో గట్టిపడును, విడిచినంతనే జాఱిపోవును. ఇదియే సరియైన పదను. బంగాళాదుంప పిండి దొరకనిచో కార్న్‌ఫ్లోర్ అని అమ్ము తెల్లని పిండిని వాడవచ్చును.

మాంసమును వ్రేలెడు పొడవున, ఒక సెంటీమీటరు మందమున కోసి, పొడి గుడ్డతో తడి యొత్తివేసి, ఉప్పు, మిరియము, అల్లము పట్టించి పావుగంట యుంచి, పిమ్మట పిండిముద్దలో పొరలింపవలెను. తడి యెక్కువైనచో నూనె చిందును. గనుక పిల్లలను పొయ్యి దగ్గరకు రానీయరాదు. బూరెలమూకుటిలో నూనె సగమునకు మించరాదు.

నూనెలో పిండిచుక్క వేసినప్పుడు అది సగము మునిగి వెంటనే పైకి తేలవలెను. ఇది సుమారు 170 డిగ్రీలు. ముక్కలు కొద్దికొద్దిగా వేసి నాలుగు నిమిషములు వేయింపవలెను. ఒక్కమాఱే గుమ్మరించినచో నూనె చల్లారి, పిండి నూనె పీల్చుకొనును. రంగు రాలేదని మంట హెచ్చింపరాదు. ఇప్పుడు లోపల ఉడుకుటయే ప్రధానము. అన్నిటిలో లావైన ముక్కను కోసి, లోపల ఎఱుపు లేకుండుట చూచి, చిల్లుల గరిటెతో తీసి జల్లెడపై పఱవవలెను. పళ్లెములో కుప్పపోసినచో ఆవిరిచే మెత్తబడును.

అయిదు నిమిషములు ఆఱనిచ్చునప్పుడు మాంసములోని తడి పైపొరకు చేరును. పిమ్మట నూనెను 180 డిగ్రీలకు కాచి, రెండు నిమిషములు మరల వేయించినచో ఆ తడి ఆవిరియై పోవును. బుడగలు తగ్గి, గరిటె తగిలినప్పుడు గలగలమను చప్పుడు వచ్చుటయే గుర్తు.

పాకపు వస్తువులన్నియు చిన్న మంటపై కలియబెట్టుచు మూడు నిమిషములు కాగనిచ్చినచో గరిటెకు అంటుకొను చిక్కదనము వచ్చును. మిరప ముద్ద త్వరగా మాడును గావున కనిపెట్టి యుండవలెను. గోచుజాంగ్ దొరకనిచో, కారము తక్కువగా నుండి యెఱుపు నిండుగా నిచ్చు వరంగల్లు చపాటా మిరపకాయలను నానబెట్టి నూరి వాడుకొనవచ్చును. పులిసిన వాసన రాకపోయినను రంగు వచ్చును. కొరియావారు దించునప్పుడు వేయించిన నువ్వుల నూనె చుక్కలు వేయుదురు; మన గానుగ నూనెకు ఆ పరిమళము లేదు గనుక దోరగా వేయించిన నువ్వులే చాలును.

పాకము తగిలిన క్షణమునుండి పైపొర మెత్తబడుట ఆరంభించును. అందుచేతనే పాకమును ముక్కలపై పోయవలెనా, ముక్కలను పాకములో అద్దుకొనవలెనా యని తాంగ్‌సుయుక్ విషయమున కొరియా కుటుంబములలో నేటికిని సరసమైన వాదము సాగుచుండును. భోక్తలందఱు విస్తళ్ల యెదుట కూర్చున్న పిమ్మటనే పాకము కలుపుట మేలని మా యభిప్రాయము. ఆలస్యముగా వచ్చువారికై కొన్ని ముక్కలను విడిగా నుంచి, పాకమును గిన్నెలో వేఱుగా పెట్టవచ్చును. మిగిలిన పొడి ముక్కలను చల్లని పెట్టెలో దాచి, మఱునాడు పెనముపై వేడిచేసినచో కరకర చాలవఱకు మరల వచ్చును.

ఈ వంటకు మొత్తము గంటన్నర పట్టును; అందు గంటసేపు పిండి తనంత తానే పేరుకొనుటకే చెల్లును. ఆ వ్యవధిలో ఇతర పనులు చక్కబెట్టుకొని, పొయ్యి వెలిగించిన పిమ్మట మాత్రము తొందరపడక, మన సోదరీమణులు దీని నొకమాఱు చేసి చూతురుగాక.