మీకు తెలుసా? ఊరి పేరులోనే బావి

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద పారే నదులు దాదాపు లేవు. అంతా సున్నపురాయి నేల. వాన నీరు ఇంకిపోయి కింది గుహల్లో పారుతుంది. గుహ కప్పు కూలిన చోట బయటపడే నీటి మడుగే సెనోటే. అలాంటి మడుగుల దగ్గర వెలసిన ప్రాచీన మాయా నగరమే చిచెన్ ఇట్జా. మాయా భాషలో ‘చిచెన్ ఇట్జా’ అంటే ఇట్జా ప్రజల బావి నోరు.

అక్కడికి గైడుతో ఒక్కరోజు యాత్ర అంటే సాధారణంగా ముందు శిథిలాలు, తర్వాత ఈత. ఎల్ కాస్తియో పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పై అరుగుతో కలిపి 365. ఇప్పుడు ఎక్కనివ్వరు. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే మాత్రం పక్షి కూతలాంటి ప్రతిధ్వని వస్తుంది. గైడ్ల అరచేతులు ఏమైపోతాయో పాపం!

అక్కడి పవిత్ర సెనోటేలో ఈత కుదరదు. 20వ శతాబ్దం మొదట్లో దాన్ని దేవితే బంగారం, జేడ్ రాళ్లు, మనుషుల ఎముకలూ బయటపడ్డాయి. ఈతకు దగ్గర్లోనే ఇక్ కిల్ అనే సెనోటే ఉంది. నీళ్లు నేలమట్టానికి సుమారు 26 మీటర్ల కింద. మెట్లు దిగుతుంటే మన దిగుడుబావి గుర్తొస్తుంది, కాకపోతే దీన్ని ఎవరూ తవ్వలేదు. దిగేముందు స్నానం చేసి ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ కడిగేసుకోవాలి.