చీలమండను బిగించినప్పటి నడక

కృష్ణ యొడ్డునున్న పెనుమూడి రేవు నుండి రేపల్లె వరకు నడచువానికి సమతలమైన నేల యరుదుగా దొరకును. చేలగట్లు ఒక ప్రక్కకు వాలియుండును, రేవుమెట్లు తడిసి జారుచుండును. ఈ వాలులకు మన యెరుక లేకయే సర్దుకొనునది చీలమండ. పాదమును మీదికి క్రిందికి వంచు కీలొకటి, దాని దిగువనే పాదమును ఇరుప్రక్కలకు వాల్చు కీలు మరియొకటి. ఎముక విరిగినప్పుడు గాని, మడమ వెనుక స్నాయువు తెగినప్పుడు గాని, వైద్యులు ఈ రెండు కీళ్లను బిగించి మోకాటి దిగువవరకు వాకింగ్ బూటు తొడిగినది మొదలు, మోకాలు, తుంటి, నడుము మూడును తమ పనితీరును మార్చుకొనవలసి వచ్చును.

విరిగిన యెముకను కదలనీయకుండుట ప్రాచీన చికిత్సయే. మన పుత్తూరు కట్టులో వెదురుబద్దలు, ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన వాడుదురు. మనవారు సిమెంటు కట్టనునది 1851లో ఆంటోనియస్ మాథైసెన్ అను డచ్చి సైనికవైద్యుడు కల్పించిన ప్లాస్టర్ పట్టీ నుండి వచ్చినది. విప్పి తొడుగుకొనదగిన బూటు ఆ పిమ్మటిది.

ఆరోగ్యవంతుని నడకలో ప్రతి పాదమును అడుగు కాలములో సుమారు 60 శాతము నేలపైనను, తక్కిన 40 శాతము గాలిలోను ఉండును. మడమ నేల తాకగానే పాదము మెల్లగా వాలును. పిదప దేహభారమును మోయుచు కాలు పాదముపై ముందునకు ఒరుగును. కడపట పిక్కకండరములు మడమను లేపి దేహమును ముందునకు త్రోయును. ఈ మూడింటికిని చీలమండ వంగవలెను. బూటులో వంగదు గావున, బూటు అడుగునే నావ అడుగువలె వంపుగా చేయుదురు. పాదమునకు మారుగా బూటు దొర్లును. కాని పిక్కల త్రోపు దానికి లేదు. ఆ లోటును తుంటికండరములు పూరింపవలసి యుండుటచే అడుగు కురచయగును, వేగము తగ్గును, అలసట త్వరగా వచ్చును.

ఇంతకంటె నన్ను కలతపెట్టు విషయము బూటు అడుగు మందము. ఆ మందముచే ఒక కాలు పొడవైనట్లగును. కటి ఒక ప్రక్కకు ఒరగును. బూటుకాలు నేలకు తగులకుండుటకై రోగి తుంటిని ఎగదీయును, లేదా కాలిని వెలుపలికి త్రిప్పి వేయును. కొన్ని వారములిట్లు నడచినవానికి నడుమునందో, బాగున్న మోకాటియందో నొప్పి పుట్టుట వింత కాదు. వీధిలో రెండవ కాలికి ఎత్తైన చెప్పు ఉన్నను, గడప దాటగానే చెప్పులు విడుచు మన యింట ఆ హెచ్చుతగ్గు మరింత పెరుగును. కావున బూటుతో సమానమైన యెత్తుగల చెప్పునొకదానిని ఇంటిలో వాడుటకై ప్రత్యేకముగా ఉంచుకొనుట మేలు. ఆచారము చెడునని పెద్దలు సంకోచింపనక్కరలేదు. చేతికర్రను దెబ్బతగిలిన కాలికి ఎదుటి చేత పట్టవలెను. మెట్లెక్కునపుడు బాగున్న కాలు, దిగునపుడు దెబ్బకాలు ముందు వేయవలెను.

బూటు విప్పిన నాడు పిక్క సన్నబడి, కీలు బిగిసి యుండును. వేళ్లు క్రిందికి వ్రేలాడునట్లు కట్టినచో స్నాయువు కురచయగునన్న భయముచే, సాధారణముగా ఎముక విరుగుళ్లకు పాదమును కాలికి లంబముగా నిలిపి కట్టుదురు. ఎముక అతికిన పిమ్మటను కండరబలము తిరిగి వచ్చుటకు చాల కాలము పట్టును. వైద్యుని యనుమతితో మొదట గోడ పట్టుకొని రెండు మడమలను కలిపి లేపుట, క్రమముగా దెబ్బకాలి మడమ నొక్కదానినే లేపుట అభ్యసింపవలెను. ఆ ఒక్క మడమ పలుమారులు అనాయాసముగా లేచువరకు చేలగట్లపై వడిగా నడచుటకు తొందరపడరాదు.