503లోంచి 278 పోతే

503లోంచి 278 తీసివేయమంటే మూడో తరగతి పిల్లవాడు ఒకడు 375 అని, పక్కనున్న అమ్మాయి 325 అని రాశారనుకుందాం. సరైన జవాబు 225. ఇద్దరికీ ఇంటు మార్కే పడుతుంది. కానీ ఆ రెండు తప్పులకూ పోలికే లేదు. పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు: 8లోంచి 3 పోతే 5, 7లోంచి సున్నా పోతే 7, 5లోంచి 2 పోతే 3. అప్పు తెచ్చుకోవడం దాకా అతను రానేలేదు. అమ్మాయికి అది వచ్చు. ఒకట్ల స్థానంలో 13, పదుల స్థానంలో 9 చేసుకుని సరిగ్గానే తీసివేసింది. వందల స్థానంలో 5 కాస్తా 4 అయిందన్నది మరిచింది, అంతే. ఆమెకు ఒక్క మాట చాలు. అతనికి స్థానవిలువ మొదటినుంచీ చెప్పాలి. ఇద్దరికీ కలిపి ‘ఇంకో పది లెక్కలు చేసుకురండి’ అంటే, అతను అదే తప్పును పదిసార్లు సాధన చేసుకొస్తాడు.

లెక్కను మెట్టుమెట్టుగా రాయమనడానికి అసలు కారణం ఇక్కడుంది. స్టెప్పులకు మార్కులుంటాయన్నది పరీక్షల మాట. పిల్లల తప్పులన్నీ అజాగ్రత్త వల్లనేనని పెద్దలకో గట్టి నమ్మకం. అమెరికన్ పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. వెయ్యిమందికి పైగా పిల్లలు చేసిన తీసివేతలను కంప్యూటర్‌తో పరిశీలిస్తే, చాలా తప్పుల వెనక ఒక పద్ధతి కనిపించింది. పిల్లవాడు ఏదో తప్పుడు నియమాన్ని ఎంతో శ్రద్ధగా పాటిస్తున్నాడన్నమాట. వాళ్లు జవాబులను బట్టే కనిపెట్టారు కదా, మెట్లెందుకు అనవచ్చు. నిజమే. కానీ దానికి ఒక్కో పిల్లవాడు చేసిన బోలెడు లెక్కలూ, వాటిని జల్లెడ పట్టడానికి ఒక యంత్రమూ కావలసివచ్చాయి. నలభైమంది ఉన్న తరగతిలో టీచరుకు అంత తీరికెక్కడిది? 5 మీద కొట్టివేత ఉందో లేదో చూస్తే, సంగతి ఒక్క లెక్కలోనే బయటపడుతుంది.

చూసేవాళ్లకే కాదు, చేసేవాళ్లకూ మెట్లు ఆసరా. మనిషి మనసులో ఒకేసారి నిలిపి ఉంచుకోగలిగేవి దాదాపు నాలుగు విషయాలేనని నెల్సన్ కోవాన్ అనే మనస్తత్వవేత్త 2001లో అంచనా కట్టారు. పై లెక్కనే నోటితో చేసి చూడండి: ఇచ్చిన రెండు సంఖ్యలు, మారిన 13, 9, 4, అప్పటిదాకా వచ్చిన జవాబు అంకెలు. 4 జారిపోవడంలో వింతేముంది? కాగితం మీద పెడితే ఆ బరువు తలకు తగ్గుతుంది.

పోటీ పరీక్షల్లో నిమిషానికో లెక్క చెయ్యాలి, ఇంత రాస్తూ కూర్చుంటే ఎలా అన్నది తల్లిదండ్రుల బెంగ. అది కొట్టిపారేయదగ్గది కాదు. ఒక రకం లెక్క బాగా పట్టుబడ్డాక వివరమైన మెట్లు సాయం చేయకపోగా అడ్డమవుతాయని మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ బృందం ప్రయోగాల్లోనే తేలింది. కాబట్టి వచ్చిన మెట్టును వదిలేయనివ్వాలి. రాని మెట్టును దాటించేసే కిటుకులతోనే పేచీ. గైడు చూసి దించిన స్టెప్పులదీ అదే కథ: ‘ఇక్కడ 9 ఎందుకొచ్చింది?’ అని అడిగితే నీళ్లు నమిలేవాడు మెట్లు రాసినట్టు కాదు.

మరి రామానుజన్ సంగతేమిటి, ఆయన నోటుబుక్కుల నిండా ఫలితాలే కదా అంటారు. కాగితం ఖరీదు భరించలేక ఆయన పలక మీద లెక్కలు చేసి, ఫలితాన్ని మాత్రం పుస్తకంలోకి ఎక్కించేవారు. పలక మీద ఉన్నది మోచేత్తో చెరిగిపోయేది. ఆ ఫలితాలు ఒక్కొక్కటీ ఎలా నిజమవుతాయో రాసిపెట్టడానికి గణితవేత్త బ్రూస్ బెర్న్ట్‌కు ఐదు సంపుటాలు పట్టాయి. మొదటిది 1985లో వస్తే చివరిది 1998లో వచ్చింది.