పాటల పెట్టె ‘టిక్ టిక్’ అంటే...

“ఏందప్పా ఇది, గడియారం మాదిరి కొట్టుకుంటాంది?” అనింది మా అమ్మ.

గడియారం కాదు. అరచేతిలో పట్టేంత పాటల పెట్టె. లోపల హార్డ్ డిస్క్ ఉండే రకం. పోయిన ఎండాకాలం ఆలూరులో మా ఇంటి వసారాలో కూచుని ఆన్ చేస్తే పాట రాలేదు, టిక్... టిక్... అని శబ్దం ఒకటే వచ్చింది. నా గుండె జారింది. ఎందుకో చెబుతాను.

మా నాయన చెక్కభజనలో ముందుపాట పాడేవాడు. శ్రీరామనవమి వస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి పిలుపులు. మా చిన్నాయన టేప్ రికార్డర్ పట్టుకొని వెంట తిరిగి నాలుగు క్యాసెట్లు నింపినాడు. 2008లో వాటిని బళ్లారిలో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఈ పెట్టెలో వేసి నా చేతికిచ్చినాడు. ఆ తర్వాత క్యాసెట్లకు బూజు పట్టింది. కంప్యూటర్ పాత ఇనుప సామాన్లోడికి పోయింది. నాయన 2015లో పోయినాడు. ఆ గొంతు మిగిలింది ఈ పెట్టెలోనే. ఇంకో కాపీ తీసుకోవాలని ఇన్నేండ్లూ అనుకుంటానే ఉన్నా.

రిపేరు అంగటికి తీసుకుపోతే ఆ పిల్లోడు చెవి దగ్గర పెట్టుకొని విని, “ఫార్మాట్ కొడదాం సార్, పని చేస్తాది” అన్నాడు. పని చేస్తుంది సరే, పాటలుండవు కదా! వద్దులేప్పా అని వెనక్కి తెచ్చుకున్నా. ఇట్లాంటి పెట్టె మీ బీరువాలో ఏ మూలనో పడి ఉంటే మీకూ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

ముందు లోపల ఏముందో తెలియాలి. 2001 అక్టోబరులో వచ్చిన మొదటి ఐపాడ్‌లో ఉన్నది 1.8 అంగుళాల హార్డ్ డిస్క్, 5 జీబీ. తర్వాత తర్వాత 160 జీబీ దాకా పెరిగింది. 2014లో క్లాసిక్ రకం ఆగిపోయింది, 2022లో ఐపాడ్ కథే ముగిసింది. ఈ డిస్కులో అద్దంలా మెరిసే పళ్లెం గిరగిరా తిరుగుతుంటే, దాని పైన వెంట్రుకవాసి ఎడంలో ఒక చిన్న ముల్లు కదులుతూ చదువుతుంది. ఎప్పుడూ తిరగదు. కాసేపటికి సరిపడా పాటల్ని మెమరీలోకి లాగి పెట్టుకొని ఆగిపోతుంది. అందుకే గుంతల రోడ్డులో ఆదోని బస్సు ఎంత ఎగిరినా పాట తెగేది కాదు. కానీ సరిగ్గా అది తిరుగుతున్నప్పుడే కింద పడిందా, ముల్లు పోయి పళ్లేన్ని గీరే ప్రమాదం ఉంది. నాది రెండుసార్లు పడింది. తప్పు నాదే.

టిక్ టిక్ అనగానే డిస్క్ చచ్చిందని కాదు. బ్యాటరీ నీరసించినా అట్లే అంటుంది. పళ్లెం తిరగడం మొదలయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ కావాలి. అది అందక లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఏండ్ల తరబడి మూల పడేసిన వాటికి ఇది మామూలే. కాబట్టి మొదటి మందు, గోడ చార్జర్‌కు పెట్టి నాలుగైదు గంటలు ముట్టుకోకుండా వదిలేయడం. ఒంటి మీద ఉబ్బు కనిపిస్తే మాత్రం బ్యాటరీ పొంగినట్టు. చార్జింగ్ పెట్టొద్దు, పిన్నుతో పొడవొద్దు.

ఇంకో సంగతి. ఐపాడ్‌ను వాడాల్సిన వేడి 0 నుంచి 35 డిగ్రీలని కంపెనీ వాళ్లే రాసుకున్నారు. మే నెల ఆలూరులో 35 అంటే మాకు తెల్లవారుజాము! అందుకే రాత్రి పూట, కూలర్ ముందర కూచుని పని మొదలుపెట్టినా. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు సలహా ఇచ్చినారు. ఆ పని చేయొద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

బిగుసుకుపోయి మీటలు పలకకపోతే ముందు పైనున్న హోల్డ్ మీట చూడండి. నవ్వొద్దు, సగం ‘రిపేర్లు’ అక్కడే తేలిపోతాయి. క్లిక్ చక్రం ఉన్న ఐపాడ్ అయితే ఆ మీటను ఒకసారి అటూ ఇటూ జరిపి, మెనూ, నడిమి బొత్తాం రెండూ కలిపి ఆరేడు సెకన్లు నొక్కిపట్టండి. ఆపిల్ బొమ్మ వస్తుంది. పాటలకేమీ కాదు. ఆ బొమ్మ రాగానే వేళ్లు మార్చి నడిమి బొత్తాం, ప్లే బొత్తాం పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి పోతుంది. అంటే పాటల పెట్టె కాస్తా పెన్‌డ్రైవ్ అవుతుంది. ఒక్క చెవిలోనే పాట వస్తే అది డిస్క్ గొడవ కాదు, హెడ్‌ఫోన్ రంధ్రంలో దుమ్ము.

2006లో వచ్చిన 30 జీబీ జూన్ పెట్టెల ముచ్చట ఇంకా విచిత్రం. 2008 డిసెంబరు 31న లోకమంతా అవి ఒకేసారి బిగుసుకుపోయినాయి. లీపు సంవత్సరంలో 366వ రోజును లోపలి గడియారం లెక్కపెట్టలేకపోయింది. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మరుసటి రోజు మధ్యాహ్నం తర్వాత ఆన్ చేయమన్నారు. అంతే, లేచి కూచున్నాయి.

ఇక అసలు గండం కంప్యూటర్‌కు తగిలించినప్పుడు. కొత్త కంప్యూటర్‌లో ఐట్యూన్స్ ‘ఇందులో ఉన్నవి చెరిపి సింక్ చేయమంటారా’ అని అడుగుతుంది. రీస్టోర్ అనీ అంటుంది. రెండింటికీ వద్దనండి. పాటలు బయటికి వచ్చేదాకా ఆ మీటల జోలికి పోవద్దు. విండోస్ ‘డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి’ అన్నా అంతే. చెక్ డిస్క్ కూడా అప్పుడే వద్దు. కొనప్రాణంతో ఉన్న డిస్కును అది ఇంకా దంచుతుంది. ఐపాడ్‌లో పాటలు దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. కంప్యూటర్‌లో హిడెన్ ఫైల్స్ చూపించే ఏర్పాటు చేసుకుంటే ‘ఐపాడ్ కంట్రోల్’ అనేది కనబడుతుంది. దాంట్లో మ్యూజిక్. లోపల అన్నీ నాలుగక్షరాల పిచ్చి పేర్లు. భయపడొద్దు, అవే మీ పాటలు.

మా పెట్టెలోనూ అదే తంతు. ఒకేసారి మొత్తం కాపీ పెడితే మధ్యలో టిక్ అని ఆగిపోయింది. నాలుగు నాలుగు పాటలుగా లాగినా. ఒళ్లు వేడెక్కితే అరగంట ఆపి, మళ్లీ. రెండు రాత్రులు పట్టింది. 41 పాటల్లో 38 వచ్చినాయి. మూడు ఎంత బతిమాలినా రాలేదు. వెంటనే రెండు పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించి, ఒకటి చిన్నాయనకు పంపినా.

పెట్టె సంగతంటారా, పాటలు తీసినాక రీస్టోర్ కొట్టి చూసినా, నిలబడలేదు. డిస్క్ తీసి దాని చోట మెమరీ కార్డు పెట్టే చిన్న బోర్డులు ఇప్పుడు దొరుకుతాయి. లోపలి రిబ్బన్ తీగ కాగితమంత పలచన, తెలిసినవాళ్లే విప్పాలి. నేనింకా ధైర్యం చేయలేదు.

పేర్లు లేని ఆ 38 పాటల్ని అమ్మ ముందర పెట్టినా. కండ్లు మూసుకొని వింటా, “ఇది చిప్పగిరిలో పాడింది... ఇది హొళగుందలో, ఆ పొద్దు మీ నాయనకు జలుబు” అని ఒక్కొక్కటే చెబుతాంది. నేను రాసుకుంటున్నా. ఇప్పటికి 22 అయినాయి.