పులిసిన ఆహారాలు – ఉదరారోగ్యం

రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రించిన తరువాత కూడా వంటింట్లో ఒక పని సాగుతూనే ఉంటుంది. తోడు వేసిన పాలలోను, రుబ్బి ఉంచిన పిండిలోను, నీరు పోసిన అన్నపు కుండలోను కంటికి కనిపించని కోట్లాది సూక్ష్మజీవులు తెల్లవార్లూ శ్రమిస్తాయి. ఉదయానికి పాలు పెరుగవుతాయి, పిండి పొంగుతుంది, అన్నం పుల్లబడుతుంది. హిమాలయ సానువుల నుంచి శ్రీలంక తీరం వరకు ప్రతి ప్రాంతానికీ తనదైన పులిసిన వంటకం ఒకటైనా ఉన్నది.

పులిసిన ఆహారం పేగులకు మేలు చేస్తుందన్న మాట ఇటీవలి కాలంలో విస్తృతంగా వినవస్తున్నది. ఆ మాటలో సత్యం ఉన్నది. కొంత అతిశయోక్తి కూడా ఉన్నది. తాతముత్తాతల తిండి గనుక అది సర్వరోగ నివారిణి అని నమ్మడం ఎంత పొరపాటో, పేదల తిండి అని దానిని తోసివేయడం కూడా అంతే పొరపాటు. ఏ ఆహారం ఏ విధంగా, ఎంతవరకు ఉపకరిస్తుందో తెలుసుకొనడం అవసరం.

పులియడం వేరు, పాడవడం వేరు

పాలు పులియడానికి కారణం సజీవమైన సూక్ష్మజీవులేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857లో ప్రకటించారు. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అనే ఈ జీవులు ఆహారంలోని చక్కెరలను భుజించి లాక్టిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆమ్లం పెరిగిన కొద్దీ రోగకారకమైన అనేక సూక్ష్మజీవులకు అక్కడ మనుగడ కష్టమవుతుంది. అందువల్లనే పచ్చిపాల కంటె పెరుగు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆహారం పాడవడం కూడా సూక్ష్మజీవుల పనే. అయితే ఏ జీవులది పైచేయి అవుతుందన్నదే ప్రశ్న. నిన్నటి పెరుగును తోడుగా వేయడం, కూరలకు ఉప్పు పట్టించడం, గాలి చొరకుండా కుండ మూతికి మట్టి మెత్తడం, అన్నాన్ని పూర్తిగా నీట ముంచడం వంటి పద్ధతులన్నీ మేలు చేసే జీవులకు అనుకూలమైన పరిస్థితులు కల్పించేవే. సూక్ష్మదర్శిని పుట్టక ముందే గృహిణులు ఈ విద్యలో ఆరితేరారు.

ఒకే విద్య, అనేక రూపాలు

పెరుగు ఈ విద్యకు అందరికీ తెలిసిన ఉదాహరణ. బెంగాలులో అది తీపి కలిపిన మిష్టి దోయి. శ్రీలంకలో మట్టికుండలో తోడుకొన్న గేదె పెరుగుపై జీలుగు జాతి చెట్టు పాకం పోసుకొని తింటారు. ఇంటి తోడులో ఉండే బాక్టీరియా జాతులు ఇంటింటికీ కొంత మారుతుంటాయి. అందువల్ల రుచీ మారుతుంది.

ఇడ్లీ దక్షిణాది సొత్తు. సుమారు 920 నాటి కన్నడ గ్రంథం వడ్డారాధనెలో ఇడ్డలిగె అనే వంటకం ప్రస్తావన కలదు. 12వ శతాబ్దపు మానసోల్లాసంలో ఇడ్డరిక కనిపిస్తుంది. అయితే బియ్యం కలిపి రాత్రంతా పులియబెట్టే నేటి పద్ధతి ఆ వర్ణనల్లో లేదని ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ పేర్కొన్నారు. మినప్పప్పులోను, బియ్యంలోను సహజంగా ఉండే ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా పిండిని పుల్లబరచడమే కాక బొగ్గుపులుసు వాయువును కూడా విడుదల చేస్తుంది. మినప్పప్పులోని జిగురు ఆ వాయువును బయటకు పోనీయకుండా పట్టి ఉంచుతుంది. ఇడ్లీ మెత్తదనానికి కారణమిదే. శ్రీలంకలోని ఆప్పానికి, కేరళలోని అప్పానికి, గోవాలోని సన్నాలకు ఇదే పనిని సంప్రదాయంగా కల్లులోని ఈస్టులు చేస్తూ వచ్చాయి.

నీట పులిసిన అన్నం తూర్పు, దక్షిణ ప్రాంతాలను ఒక్క పంక్తిలో కూర్చోబెడుతుంది. ఒడిశాలో అది పఖాళ. మార్చి 20వ తేదీని అక్కడివారు పఖాళ దినంగా జరుపుకొంటారు. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో పాంతా భాత్. బంగ్లా నూతన సంవత్సర దినాన ఢాకా నగరవాసులు దానిని వేడుకగా ఆరగిస్తారు. అస్సాంలో పొయితా భాత్, తమిళనాట పళయ సోరు, కేరళలో పళంకంజి, తెలుగునాట చద్దన్నం. గంజి నీటిని కుండలో పులియనిచ్చి వేసవిలో అన్నంలో పోసుకొనే తరవాణి, రాత్రి కలిపి ఉంచిన రాగి లేదా జొన్నపిండితో ఉదయం కాచి మజ్జిగ కలుపుకొని తాగే అంబలి కూడా ఈ కోవలోనివే. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన జాతి ఈ తిండి విలువను ఎరిగినదే.

వరి పొలాలను దాటి కొండలెక్కితే ఆకుకూరలు ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి. నేపాల్, సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాల్లో ఆవ, ముల్లంగి ఆకులను వాడ్చి, నలగగొట్టి, కుండలో గట్టిగా కూరి, గాలి చొరకుండా మూతపెట్టి, పులిసిన తరువాత ఎండబెడతారు. దీని పేరు గుంద్రుక్. ముల్లంగి దుంపలను నేలలో తీసిన గుంటలో పూడ్చి పులియబెడితే సింకి. శీతకాలంలో కాయగూరలు దొరకని కొండపల్లెలకు ఈ రెండూ ఏడాది పొడవునా ఆధారం.

ఈశాన్యంలో సోయా చిక్కుడుది ప్రత్యేకమైన పద్ధతి. ఉడికించిన గింజలను కొద్దిగా నలిపి, ఆకుల్లో చుట్టి, వెచ్చని చోట ఒకటి నుంచి మూడు రోజులు ఉంచితే జిగట తీగలు సాగుతాయి. సిక్కింలో దీనిని కినెమ అనీ, నాగాలాండ్‌లో అఖుని అనీ, మణిపుర్‌లో హవాయిజర్ అనీ, మేఘాలయలో తుంగ్రింబాయి అనీ, మిజోరంలో బెకాంగ్ అనీ అంటారు. ఇక్కడ పనిచేసేది బాసిల్లస్ సబ్టిలిస్ అనే వేరొక బాక్టీరియా. ఇది పుల్లదనాన్ని కలిగించదు; గింజలోని మాంసకృత్తులను సులువుగా జీర్ణమయ్యే చిన్న అంశాలుగా విడగొడుతుంది.

పేగులలో జరిగేదేమి?

మనిషి శరీరంలో, ముఖ్యంగా పెద్దపేగులో, సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. శరీరపు సొంత కణాల సంఖ్య సుమారు 30 లక్షల కోట్లు. ఈ జీవులు మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని విడగొడతాయి. కొన్ని విటమిన్లను తయారుచేస్తాయి. రోగకారక జీవులకు చోటు దొరకనీయవు. శరీర రక్షణ వ్యవస్థకు తర్ఫీదునిస్తాయి.

పులిసిన పాలకు, పేగుల ఆరోగ్యానికి సంబంధం కలదని తొలుత గట్టిగా వాదించినవారు ఇల్యా మెచ్నికాఫ్. 1908లో నోబెల్ బహుమతి పొందిన ఈ శాస్త్రవేత్త బల్గేరియా రైతుల దీర్ఘాయువుకు వారు తాగే పుల్లని పాలే కారణమని భావించారు. పెరుగు బాక్టీరియా పేగులలో స్థిరపడుతుందని ఆయన ఆశించారు. అది అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకోదని తరువాతి పరిశోధనల్లో తేలింది. అది వచ్చిపోయే అతిథి మాత్రమే. అందువల్ల ప్రయోజనం కావలసినవారు పెరుగును ఎప్పుడో ఒకసారి కాక క్రమం తప్పకుండా తినవలసి ఉంటుంది.

పెరుగు చేసే ఒక మేలు మాత్రం నిస్సందేహంగా రుజువైనది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకోలేనివారు మన దేశంలో చాలామంది ఉన్నారు. ఉత్తరాది కంటె దక్షిణాదిలో వీరి సంఖ్య అధికం. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు కలిగే ఇట్టివారిలో అనేకులు పెరుగును ఇబ్బంది లేకుండా తినగలుగుతారు. పెరుగు బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని ముందే విడగొట్టడం, మిగిలిన దానిని పేగులో విడగొట్టడానికి తోడ్పడడం ఇందుకు కారణం.

ధాన్యాల విషయంలో మేలు మరొక విధంగా కలుగుతుంది. తృణధాన్యాలలోను, పప్పులలోను ఉండే ఫైటిక్ ఆమ్లం ఇనుమును, జింకును బంధించి శరీరానికి అందనీయదు. పులియడం వల్ల ఈ ఆమ్లం తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంబలి ఒక్కటే ఈ సమస్యను తీర్చలేదు. అయితే తినే గింజలోని ఇనుము మరికొంత ఒంటబట్టేట్లు చేసే, ఖర్చులేని పద్ధతిని వదులుకొనడం వివేకం కాదు.

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 మంది ఆరోగ్యవంతులపై జరిపిన అధ్యయనంలో, పది వారాలు పులిసిన ఆహారాలను అధికంగా తిన్నవారి పేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. శరీరంలో వాపును సూచించే 19 రకాల ప్రొటీన్లు తగ్గాయి. అయితే అది చిన్న అధ్యయనం. అందులో వాడినవి ప్రధానంగా ఆ దేశంలో దొరికే ఆహారాలు. పఖాళకో, గుంద్రుక్‌కో ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేము.

సూక్ష్మజీవుల శక్తికి మరింత బలమైన నిదర్శనం ఒడిశా పల్లెలలో లభించింది. అక్కడ 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాలో ఎంపిక చేసిన ఒక రకాన్ని, దానికి ఆహారమైన చక్కెర పదార్థంతో కలిపి ఏడు రోజులపాటు ఇచ్చినప్పుడు, రక్తం విషపూరితమయ్యే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఈ బాక్టీరియా జాతి పులిసిన కూరగాయలలో సాధారణంగా కనిపించేదే. అయితే ఆ శిశువులకు ఇచ్చినది పరీక్షించి, కొలిచి తయారుచేసిన మందు. ఇంటి కుండలోని పులుపు కాదు. పసికందులకు పులిసిన ఆహారం పెట్టవచ్చునని దీనికి అర్థం కాదు.

సజీవమైనవి, ఉడికినవి

పులిసిన ప్రతి పదార్థంలోను సజీవ బాక్టీరియా ఉంటుందనుకోరాదు. పెరుగు, మజ్జిగ, పఖాళ, చద్దన్నం, ఉత్తరాదిలో నల్ల క్యారట్, ఆవపిండితో చేసే కాంజీ వంటివి ఉడికించకుండా తినేవి గనుక వాటిలో సూక్ష్మజీవులు బతికి ఉంటాయి. ఇడ్లీ, దోసె, ఢోక్లాలలో ఆవిరికి, పెనం వేడికి లాక్టిక్ బాక్టీరియా నశిస్తుంది. అయినా పిండిలో అంతకు ముందే కలిగిన మార్పులు అలాగే ఉంటాయి. వీటి మేలు బాక్టీరియాను అందించడంలో కాదు, ధాన్యాన్ని మార్చడంలో ఉన్నది. ఇక ఆవకాయ వంటి ఊరగాయలు ప్రధానంగా ఉప్పు, కారం, నూనెల బలంతో నిలువ ఉండేవి. వాటిని పెరుగుతో సమానంగా ఎంచరాదు.

ప్రోబయోటిక్ అనే పదం విషయంలోను జాగ్రత్త అవసరం. తగిన మోతాదులో తీసుకొన్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ఆ పేరుతో పిలవాలని ప్రపంచ ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం 2011లో ఇందుకు మార్గదర్శకాలను రూపొందించాయి. మేలు రుజువు కానిదే ఏ సీసాకు, ఏ డబ్బాకు ఆ పేరు తగదు.

పాటించవలసిన జాగ్రత్తలు

వండిన అన్నాన్ని గంటల తరబడి వెచ్చగా వదిలివేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషపదార్థాన్ని విడుదల చేయవచ్చు. తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. కనుక అన్నాన్ని త్వరగా చల్లార్చి, శుభ్రమైన తాగునీటిలో ముంచి, కొద్దిగా పుల్లని మజ్జిగ కలిపి, మరునాటి ఉదయమే తినివేయాలి. మజ్జిగ కలపడం వల్ల ఆమ్లం త్వరగా పెరుగుతుంది. బూజు పట్టినా, దుర్వాసన వచ్చినా, వింత రంగు తిరిగినా పారవేయవలసినదే.

పెద్దలు రోజుకు ఐదు గ్రాముల కంటె తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపోటు ఉన్నవారు ఉప్పులో ఊరిన పదార్థాలను మితంగా వాడాలి. వ్యాధి నిరోధక శక్తి బాగా తగ్గినవారు వైద్యుని సంప్రదించాలి. పులిసిన ఆహారం మందుకు ప్రత్యామ్నాయం కాదు. పప్పులు, ఆకుకూరలు, చిరుధాన్యాల ద్వారా పీచుపదార్థం అందనిదే పేగులలోని సూక్ష్మజీవులు వర్ధిల్లవు.

కాపాడుకోవలసిన సంపద

ఈ విద్యకు పాఠ్యగ్రంథాలు తక్కువ. గుంద్రుక్ ఎన్నాళ్లకు పులుస్తుందో, తరవాణి కుండను ఎలా శుభ్రపరచాలో తల్లి నుంచి కూతురికి చూపుతోను, చేతితోను సంక్రమించిన జ్ఞానం. ఒక తరం దానిని నామోషీగా భావించి మానివేస్తే వంటకంతో పాటు, ఆ ఇంట తరాలుగా కొనసాగిన తోడు కూడా అంతరిస్తుంది. ఈశాన్య, హిమాలయ ప్రాంతాల పులిసిన ఆహారాలను జ్యోతి ప్రకాశ్ తమాంగ్ వంటి శాస్త్రజ్ఞులు పరిశీలించి గ్రంథస్థం చేశారు. ప్రతి ప్రాంతంలోను ఇట్టి కృషి జరగవలసి ఉన్నది. పాఠశాలల, కళాశాలల విద్యార్థులు తమ ఊరి పెద్దల నుంచి ఈ పద్ధతులను సేకరించి రాసి ఉంచితే ఆ కృషికి ఎంతో తోడ్పాటు లభిస్తుంది.

2012 అక్టోబరులో హైదరాబాదులో అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు జరిగిన సందర్భంలో, పెరుగును తోడుకొనజేసే లాక్టోబాసిల్లస్ బల్గారికస్‌ను భారత జాతీయ సూక్ష్మజీవిగా ప్రకటించారు. జీవవైవిధ్య ప్రత్యేక రైలును సందర్శించిన బాలబాలికలే దానిని ఎంపిక చేశారు. పులిని, నెమలిని గుర్తించినట్లే పెరుగుగిన్నెలోని ఈ అల్పజీవిని కూడా గుర్తించగలగడం శుభసూచకం. దాని పనిని సరిగా అర్థం చేసుకొని, శుచిగా, మితంగా, క్రమం తప్పకుండా వినియోగించుకొన్నప్పుడే ఆ గౌరవానికి సార్థకత.